కోటు చేతులు

"ఆ కోటు చేతులు ఏ మేకుకో తగులుకుంటాయి, పిల్ల వేదిక మీంచి ఏట్లో పడుతుంది. చూస్తూండండి," అన్నాను.

శనివారం పొద్దున కాఫీ బల్ల దగ్గర అన్నాను. ఎవరూ తలెత్తలేదు.

"మే నెలాఖరైనా నీళ్ళు ఇంకా మంచుగడ్డలా ఉన్నాయి. ఈత వచ్చినవాళ్ళైనా కొయ్యబారిపోతారు. ఆ బరువు కోటుతో పడితే తేలేది కూడా ఉండదు."

మా ఆయన తోయిమి రొట్టె మీద వెన్న రాస్తున్నాడు. మూలమూలకీ, అంచుదాకా రాస్తున్నాడు. మా అమ్మాయి హెల్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బుధవారం నుంచి మా ఇంట్లో ఇదే వరస. మా దేశంలో దీన్ని మూగబడి అంటారు. ఆ బడిలో తోయిమిది ఎప్పుడూ మొదటి బెంచీ. కూతురు కొత్తగా చేరినా తండ్రికి తీసిపోలేదు.

"అమ్మా, పాలగిన్నె ఇటు ఇమ్మని నాన్నతో చెప్పు."

పాలగిన్నె వాళ్ళిద్దరి మధ్యే ఉంది. నాకే అందదు.

"ఏమయ్యా, పాలు కావాలట."

జరిపాడు. కూతురి దాకా కాదు, నా దాకా. నేను అటు జరిపాను.

"థాంక్సని చెప్పు."

"నువ్వే చెప్పవే, నోరు పడిపోయిందా?"

"నాది పడిపోలేదు," అంది హెల్కా.

తోయిమి కత్తి కింద పెట్టాడు. "ఆ కోటు తెచ్చిన చోట పెట్టమను," అన్నాడు, నాతో.

"వినబడింది," అంది హెల్కా, నాతోనే. "తాత ఆ సమ్మె రోజున పనిలోకి వెళ్ళాడా, లేదా? నాన్నని ఒక్కమాట చెప్పమను. వెళ్ళలేదంటే ఇప్పుడే కోటు అటకెక్కిస్తా, నాటకంలో వేషం వదిలేస్తా. వెళ్ళాడంటే వేస్తా. ఏదీ తెలియకుండా వేయనూ లేను, వదలనూ లేను."

తోయిమి లేచి పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి కట్టెలు పేర్చే చప్పుడు వినిపించింది. ఆ కట్టెలు గురువారమే పేర్చాడు. ఇప్పుడు దింపి మళ్ళీ పేరుస్తున్నాడు.

ఆయన సగం తిన్న రొట్టె పళ్ళెంలోనే ఉంది. మనిషి తిండి మానేస్తే ముందు పోయేది గుండె. మా పెదనాన్న అలాగే పోయాడు.

ఆ కోటు మా మామగారు ఏమెలిది. ముతక ఉన్ని కోటు, వీపు మీద బూడిదరంగు కంబళి మాసిక. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికే అది సౌనాలో, అంటే మా ఆవిరిస్నానాల గదిలో, అటక మీద వేలాడుతోంది. తోయిమి దాన్ని వేసుకున్నది లేదు, పారేసిందీ లేదు. ఏటా వసంతంలో కిందకి దించి, దుమ్ము దులిపి, మళ్ళీ అక్కడే తగిలించేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. చిమ్మెటలు పడతాయి అన్నాడు. నేనడిగింది అది కాదు, కానీ ఊరుకున్నాను.

దాన్ని హెల్కా అడక్కుండా తీసుకెళ్ళింది. ఈ ఏడాది ఏటి ఒడ్డున వేసవి నాటకం మా ఊరి కథే. దుంగల్ని ఏటి నీళ్ళ మీద తేలించి తీసుకెళ్ళే కూలీలు చేసిన పాత సమ్మె. నాటకం ఆడించేది రౌని అని పట్నం నుంచి వచ్చిన దర్శకురాలు. ఆవిడ పద్ధతి వేరు. మాటలు చివర్లో రావాలి అంటుంది. ముందు బట్టలు. ఎవరింటి అటక మీదవి వాళ్ళు తెచ్చి కుప్ప పోయాలి, అందులోంచి చేతికందింది తొడుక్కోవాలి, ఫోటో దిగాలి. ఫోటోలో ఎవరు కనిపిస్తే వాళ్ళ వేషం. అలాగే మా రొట్టెల కొట్టు యజమాని భార్య నల్లకోటులో పాస్టరుగారైపోయింది. బ్యాంకు గుమాస్తా ఏప్రన్ కట్టుకుని వంటమనిషయ్యాడు.

పోస్టాఫీసులో పనిచేసే మా హెల్కాది మొదట కాఫీ పోసే పిల్ల వేషం. ఆ కోటు తొడుక్కుని ఫోటో దిగాక మారిపోయింది. ఊరంతా పని మానేసిన రోజున ఒక్కడు పనిలోకి వెళతాడు చూడండి, ఆ మనిషి. నాటకంలో అతనికి పేరు లేదు, మాట లేదు. ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళిపోతాడు, అంతే. ఆ నడక అయ్యేదాకా మిగతావాళ్ళంతా నోరు మూసుకుని చూస్తూ నిలబడాలి.

ఆ ఫోటో బుధవారం సహకార దుకాణం కిటికీలో పెట్టారు. సాసేజ్ తెస్తానని వెళ్ళిన తోయిమి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

*

ఆ ఫోటో తీసేయమని అడగడానికి ఆ శనివారమే నేను దుకాణానికి వెళ్ళాను. దారంతా ఏమనాలో చెప్పుకుంటూ వెళ్ళాను. కిటికీ ముందు హిల్పా నిలబడి ఉంది. ఊళ్ళో ఎవరి తాత ఎవరికి బాకీయో, ఎవరి పందిని ఎవరు పొడిచారో ఆవిడకి తెలియంది లేదు. ఆవిణ్ణి చూడగానే చెప్పుకున్న మాటలు పోయాయి.

"రా లైనా, రా. మీ ఇంటి సినిమా తారని చూడ్డానికొచ్చావా?"

"పిండికొచ్చాను."

"పిండి లోపలుంటుంది."

చూడక తప్పలేదు. మొహం కాదు ఆ ఫోటోలో ఉన్నది, వీపు. ఫోటో తీసిన ఔలిస్‌ది అదొక చిత్రమైన అలవాటు. పాస్‌పోర్టు ఫోటోలకి తప్ప మనుషుల్ని ఎదురుగా తీయడు. ముందు ఉత్తుత్తికి క్లిక్‌మనిపించి "అయిపోయింది" అంటాడు. హమ్మయ్య అనుకుని మనిషి వెనక్కి తిరిగి వెళ్ళబోతుంటే అప్పుడు తీస్తాడు. ఆ వెళ్ళేవాడే అసలు మనిషట.

హెల్కా అని తెలిసి చూసినా నాకు హెల్కా కనిపించలేదు. వంగిన భుజాలు, నడుమ బూడిదరంగు మాసిక, వేళ్ళని మింగేసి వేలాడుతున్న కోటు చేతులు. ఎవరో ఎక్కడికో వెళుతున్నారు. వెళ్ళొద్దు అని అరవాలనిపించింది.

"అదే మాసిక," అంది హిల్పా. "నేనప్పుడు పిల్లని. మా నాన్నకి కాఫీ తీసుకుని వంతెన మీదికి వెళ్ళాను. అందరూ వరసగా నిలబడి ఉన్నారు. కింద దుంగల మీద మీ మామ ఒక్కడే నడుచుకుంటూ పోతున్నాడు. పొగమంచులో మిగతాదేం కనబడలేదు, ఆ మాసికే కనిపించింది."

"మొహం చూశారా?"

"మొహమెందుకమ్మా? ఊళ్ళో ఆ మాసిక కోటు ఇంకెవరికుంది?" హిల్పా అద్దం మీద వేలు పెట్టింది. "అంత భారీ మనిషి ఇంతై కనిపించాడు. సిగ్గుతో ముడుచుకుపోయాడని మా నాన్న అన్నాడు. ఇదిగో, ఇలాగే. మీ పిల్ల ఎలా పట్టుకుందో గానీ, అచ్చు ఇలాగే."

"అది నాటకం, హిల్పా."

"నాటకమే. మేం మాత్రం ఆయన చచ్చేదాకా ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగలేదు. మీ తోయిమిని ఎవరూ ఏమీ అనలేదులే. తండ్రి చేసినదానికి కొడుకేం చేస్తాడు? మంచి పిల్లాడు, ఒకళ్ళ జోలికి పోయేవాడు కాదు." నా సంచీలోకి తొంగి చూసింది. "పిండి తీసుకోవా?"

తీసుకున్నాను. ఫోటో తీసేయమని అడగలేదు. అడిగితే సోమవారానికల్లా ఆ సంగతి కూడా ఊరంతా పాకుతుంది.

ఇంటికొస్తూ మొదటి ప్రదర్శన రోజు ఊహించుకున్నాను. బెంచీల నిండా ఊరు. హెల్కా నడుస్తుంది. వెనక వరసలోంచి ఎవరో "ఏమెలీ!" అని కేకేస్తారు. తోయిమి గుండె పట్టుకుంటాడు. ఆ మర్నాడు పోస్టాఫీసులో హెల్కా చేతి నుంచి ఉత్తరం తీసుకోవడానికి ఎవరూ రారు. ఇల్లమ్ముకోవాలి. ఈ ఊళ్ళో మా ఇల్లు కొనేదెవరు?

*

శనివారం సాయంత్రం సౌనా వేడెక్కింది. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత. మా ఇంట్లో మగవాళ్ళంటే తోయిమి ఒక్కడే. ఎప్పుడూ గంట కూర్చునేవాడు ఆ రోజు ఇట్టే బయటికొచ్చాడు.

"వేడి చాల్లేదా?" అన్నాను.

"చాలింది."

"తల తిరుగుతోందా? చెయ్యి లాగుతోందా?"

"లేదు లైనా."

మెట్టు మీద తువ్వాలు కప్పుకుని, అటక వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఉత్త కొక్కెం.

"మీ నాన్న వెళ్ళలేదని ఒక్కమాట చెప్పేస్తే పోయేదానికి, పిల్లతో ఇంత పంతమెందుకయ్యా?"

"వెళ్ళలేదని నీకెవరు చెప్పారు?"

"అయితే వెళ్ళాడా?"

లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తడి కాళ్ళ అచ్చులు గుమ్మం దాకా పడ్డాయి.

హెల్కా సౌనాలోకి వెళ్ళాక నేను వంటింట్లో ఆ కోటు ముందేసుకున్నాను. తండ్రీకూతుళ్ళ గొడవ నా చేతుల్లో లేదు. పిల్ల మేకుకి తగులుకుని ఏట్లో పడకుండా చూడడం మాత్రం ఉంది. చేతులు మడిచి కుట్టేస్తే సరి, నాటకం అయ్యాక విప్పేయొచ్చు.

ఎంత మడవాలో కొలవడానికి కోటు చెయ్యి తిరగేశాను. లోపలి గుడ్డ మీద సూది బెజ్జాలున్నాయి. వరసగా, చేతి చుట్టూ. ఒక బెజ్జంలో తెల్లదారం తునక ఇంకా ఉంది. రెండో చేతికీ అంతే.

ఎప్పుడో ఎవరో ఈ చేతుల్ని జానెడు మడిచి కుట్టారు. మా మామగారు ఎంత పొడుగంటే, గుమ్మంలోంచి తల వంచుకుని వచ్చేవారు. ఆయన చేతికి ఇది పొట్టి అవుతుందే గానీ పొడుగు కాదు.

ఆ బెజ్జాలు ఎవరివని తోయిమిని అడగాలనిపించింది. అడిగితే మళ్ళీ లేచి వెళ్ళిపోతాడేమోనని అడగలేదు. పాత బెజ్జాల్లోంచే సూది పోనిచ్చాను. గుడ్డ ఆ మడతకి ఎప్పుడో అలవాటుపడి ఉంది, ఇస్త్రీ అవసరం కూడా లేకుండా కూర్చుంది.

*

ఆదివారం వాన. రిహార్సల్ ఏటి ఒడ్డున కాకుండా కార్మిక భవనంలో పెట్టారు. కోటు మడిచి సంచీలో పెట్టి హెల్కా ముందే సైకిలు మీద వెళ్ళిపోయింది. వానలో సైకిలు బ్రేకులు పట్టవు. పిల్ల భవనం చేరిందో లేదో చూసుకోవాలని నేను కాఫీ ఫ్లాస్కూ, ఏలకుల బన్నుల బుట్టా తయారుచేసుకున్నాను. తోయిమి కారు తీశాడు.

"లోపలికి రాకూడదూ?" అన్నాను దిగుతూ.

"ఇక్కడే ఉంటా."

"అద్దాలు దించుకో. మూసిన కారులో ఊపిరాడక పోయిన వాళ్ళున్నారు."

నేను లోపలికి వెళ్ళేసరికే అరుపులు వినిపిస్తున్నాయి.

"ఎవరు చేశారిది?" రౌని హెల్కా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. "ఎవరు? ఆ వేలాడే చేతుల్లోనే ఉన్నాడయ్యా మనిషి! ఇన్ని వారాలకి దొరికాడు. రాత్రికి రాత్రి పారిపోయాడు!"

హెల్కా నన్ను చూసింది. "అమ్మా. నువ్వేనా?"

"మేకుకి తగులుకుంటుందని..."

"ఏ మేకు? ఎక్కడుంది మేకు? చూపించు!"

"మేకులు కనబడేలా ఉంటే తగులుకోవడమెందుకే?"

పాస్టరు వేషం వేసిన రొట్టెల కొట్టావిడ ఫక్కున నవ్వి నోరు మూసుకుంది.

"చిన్నప్పట్నుంచీ ఇంతే," హెల్కా గొంతు సన్నబడింది. "మంచు మీద స్కేటింగుకి వెళ్తే నడుముకి తాడు కట్టింది. స్కూలు పిక్నిక్కి వెనకాలే వచ్చింది. ఇప్పుడిది. నా ప్రతిదానికీ నువ్వు ఓ మడత వేసి కుడతావమ్మా. నాన్న మాట్లాడడు, నువ్వు ఊరుకోవు. మీ ఇద్దరి మధ్యా ఊపిరెక్కడ తీసుకోను?"

ఆ తాడు కట్టిన ఏడు పక్క ఊళ్ళో ఇద్దరు పిల్లలు మంచు పగిలి నీళ్ళలోకి పోయారు. అది ఇప్పుడు చెప్పే మాట కాదు.

"కూర్చోండి లైనాగారూ," అంది రౌని కాస్త తగ్గి. "మీరు కావాలని చేయలేదు. కత్తెర తెస్తాను, విప్పేయండి. ఔలిస్, ఈలోగా ఒకటి తియ్యి. పోయినవాడు ఎలా పోయాడో చూద్దాం."

ఔలిస్ కెమెరా ఎత్తాడు. హెల్కా కిటికీ దగ్గర నిలబడింది, కళ్ళు తుడుచుకుని, గడ్డం ఎత్తి. క్లిక్‌మంది.

"అయిపోయింది," అన్నాడు ఔలిస్.

హెల్కా భుజాలు వదిలేసి వెనక్కి తిరిగింది. అప్పుడు తీశాడు.

తీసి కెమెరా దించలేదు. దాంట్లోంచే చూస్తూ, "ఇది వేరే మనిషి," అన్నాడు మెల్లగా.

"చెప్పా కదా, పాడైంది," అంది రౌని.

"పాడవలేదు. ఆ మొదటివాడు పెద్దవాడు, ముడుచుకున్నాడు. వీడు ముడుచుకోలేదు." ఔలిస్ ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. "వీడు ఇంతే ఉన్నాడు."

రౌని హెల్కా చుట్టూ ఒకసారి తిరిగింది. పొట్టిగా మడిచిన చేతులు, వాటిలోంచి బయటికొచ్చిన సన్నటి మణికట్లు, మోకాళ్ళ కిందికి దిగిన కోటు.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఏదో కిర్రుమంది. చూస్తే తోయిమి. బన్నుల బుట్ట కారులోనే మర్చిపోయానట, తెచ్చాడు. టోపీ మీంచి నీళ్ళు బుట్ట మీద కప్పిన తువ్వాలు మీదికి కారుతున్నాయి.

హెల్కా ఆయనకి వీపు పెట్టి నిలబడి ఉంది. చూడలేదు. ఆయన చూశాడు.

ఆయన మొహం చూసి గుండెపోటే అనుకున్నాను. లేచి పరుగెత్తబోతే కుర్చీ పడింది. ఆ చప్పుడుకి హెల్కా తిరిగింది.

తండ్రీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. బుధవారం నుంచి అదే మొదటిసారి.

రౌని కత్తెర నా చేతిలో పెట్టింది. హెల్కా నా దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. కానీ మాట్లాడింది నాతో కాదు. నాతో చెప్పమనీ అనలేదు.

"నాన్నా, తాత ఆ రోజు పనిలోకి వెళ్ళాడా?"

భవనం రేకుల మీద వాన పడుతోంది. పాస్టరమ్మ మెడ దగ్గర తెల్లపట్టీ సర్దుకోబోయి ఆగిపోయింది. తోయిమి బుట్ట కింద పెట్టలేదు. రెండు చేతులతో పట్టుకునే నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. పెరట్లో కట్టెలన్నీ మళ్ళీ దింపుతాడనుకున్నాను. కారు దాకా వెళ్ళి అక్కడ పడిపోతాడనుకున్నాను.

హెల్కా చెయ్యి చాచే ఉంది. దించలేదు.

ఏం చేయాలో తోచక నేను కత్తెర మొన మొదటి కుట్టు కింద పెట్టాను.

"విప్పకు లైనా," అన్నాడు తోయిమి.

అందరూ అటు చూశారు. ఆయన మాత్రం ఆ మడిచిన అంచునే చూస్తున్నాడు.

బుట్టలోంచి ఏలకుల వాసన వస్తోంది.

"మీ తాత వెళ్ళలేదమ్మా," అన్నాడు చివరికి, కూతురితో. "ఆ పొద్దున ఆ చేతులు మా అమ్మ మడిచి కుట్టింది. నా కొలతకి."